అటక ఎక్కాక మారిపోయే ఇల్లు: ఒక జెట్ సెట్ విల్లీ కేసు

పాత హోమ్ కంప్యూటర్లు బాగుచేయడం నాకు సాయంత్రం పని. పగలు ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్. ఉండేది ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో, గ్యారేజీలో కారుకి బదులు ఒక బల్ల, ఆసిలోస్కోపు, రెండు పాత టీవీలు ఉంటాయి. ఈ కేసులో మెషీన్‌లో నిజంగానే ఒక జబ్బు దొరికింది. దాన్ని శుభ్రంగా నయం చేశాను. రోగి మాత్రం అలాగే ఉన్నాడు. అందుకే రాసిపెట్టుకుంటున్నాను. కుటుంబం గురించిన వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. రాయడానికి వాళ్లు ఒప్పుకున్నారు.

నేపథ్యం

వచ్చింది తండ్రీకొడుకులు. తండ్రి 1970ల్లో కోస్తా నుంచి ఇక్కడికి వచ్చి, ఇక్కడే రిటైరైన డాక్టరు గారు. కొడుకుని ‘వి’ అంటాను. యాభై దాటాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు కానీ అంకెలు మాత్రం ఇంగ్లీషులోనే వస్తాయి. ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక అట్టపెట్టె దొరికిందట. అందులో రబ్బరు కీల 48కె (48 కిలోబైట్ల మెమరీ) జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ హోమ్ కంప్యూటరు, దాని అడాప్టరు, ఒక క్యాసెట్ ప్లేయరు, పది పన్నెండు ఆటల క్యాసెట్లు, గళ్ల కాగితాల బొత్తి ఒకటి ఉన్నాయి.

స్పెక్ట్రమ్ 1982లో వచ్చింది. 48కె మోడల్ అప్పట్లో 175 పౌండ్లు. మరుసటి ఏడాది ధర 130 లోపుకి దిగాక డాక్టరు గారు కొన్నారు. (మన దేశంలో ఇదే మెషీన్ ప్లస్ మోడల్ 1988లో డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో లైసెన్సు మీద వచ్చింది. నేను మొట్టమొదట ముట్టుకున్న కంప్యూటరు అదే. అందుకేనేమో ఈ బ్రాండు మెషీన్ వస్తే కూలి లెక్క సరిగా వేసుకోను.)

క్యాసెట్లలో వి వేలు పెట్టి చూపించింది ఒక్కటే. జెట్ సెట్ విల్లీ.

ఈ ఆట గురించి నాలుగు మాటలు చెప్పకపోతే కేసు అర్థం కాదు. 1983లో మాథ్యూ స్మిత్ అనే కుర్రాడు మానిక్ మైనర్ రాశాడు. విల్లీ అనే గని కార్మికుడు, ఇరవై గుహలు, ఒకదాని తర్వాత ఒకటి. అది విపరీతంగా ఆడింది. దానికి కొనసాగింపుగా 1984లో లివర్‌పూల్‌కి చెందిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్స్ ద్వారా వచ్చిందే జెట్ సెట్ విల్లీ. గనిలో దొరికిన డబ్బుతో విల్లీ పెద్ద బంగళా కొన్నాడు, పార్టీ ఇచ్చాడు. ఇల్లంతా చెల్లాచెదురుగా పడి ఉంది. పనిచూసుకునే మరియా పడకగది తలుపు దగ్గర నిలబడి, సామాన్లన్నీ ఏరితే గానీ పడుకోనివ్వనంటుంది. మొత్తం 83 వస్తువులు, అరవై గదులు.

మొదటి ఆటకీ రెండో ఆటకీ అసలు తేడా గదుల లెక్కలో లేదు. మొదటి దాంట్లో దారి ఒక్కటే. మూడో గుహలో ఏదైనా తేడా ఉంటే ఆడే ప్రతివాడికీ అక్కడే, అదే వరసలో కనిపిస్తుంది. రెండోదాంట్లో ఎటు కావాలంటే అటు వెళ్లొచ్చు. వంటింట్లోంచి వెళ్తావా, మేడ ఎక్కుతావా, తోటలోకి దిగుతావా అన్నది ఆడేవాడి ఇష్టం. కాబట్టి ఒకచోట చేసిన పని ఇంకోచోట ఏదైనా పాడు చేస్తే, కారణానికీ ఫలితానికీ మధ్య ఇరవై గదులు, అరగంట ఆట ఉండొచ్చు. ఇది నాకు ముందే తెలుసు. అయినా వాడుకోలేదు.

ఫిర్యాదు

వి చెప్పింది ఇది. ఆట బాగానే మొదలవుతుంది. ఓ గంట ఆడాక ఇల్లు పాడైపోతుంది. చాపెల్ అనే గదిలో తిరుగుతుండాల్సిన కాపలావాళ్లు మాయమవుతారు. ఇంకొన్ని గదుల్లో కాలు పెట్టగానే చస్తాడు, మళ్లీ అక్కడే పుడతాడు, మళ్లీ చస్తాడు. ప్రాణాలన్నీ అయిపోయేదాకా అంతే. ఆట మళ్లీ మొదలుపెట్టినా అదే వరస. మెషీన్ ఆపి, క్యాసెట్ మళ్లీ లోడ్ చేస్తే బాగైపోతుంది.

“1984లో కూడా ఇంతే అండీ. నాన్నకి చెప్తే నమ్మలేదు.”

డాక్టరు గారు వెంటనే అందుకున్నారు. “నమ్మకపోవడం కాదు బాబూ. కొన్న షాపుకే తీసుకెళ్లాను. వాళ్లు రెండు రోజులు పెట్టుకుని, మెషీన్ భేషుగ్గా ఉంది, పిల్లాడు ఏదో నొక్కుతున్నాడు అన్నారు. వీడేమో గదులు మారిపోతున్నాయి అంటాడు. గదులు మారడమేంటి? పరీక్షల ముందు ఆ పెట్టె ఎత్తి పైన పడేశాను.”

షాపువాళ్ల మాట ఆయన నలభై ఏళ్లు పట్టుకుని ఉన్నారు. రోగి చెప్పే లక్షణం వింతగా ఉందని కొట్టేయకూడదని డాక్టరుకి నేను చెప్పడం బాగోదు కాబట్టి ఊరుకున్నాను.

మొదటి విడత

పాత మెషీన్‌ని నేరుగా ప్లగ్గులో పెట్టడం నేను చేయను. అడాప్టరు విడిగా కొలిచాను. తర్వాత బోర్డు. స్పెక్ట్రమ్‌లో మెమరీ రెండు ముక్కలు. కింది 16కె చిప్‌లకి మూడు రకాల వోల్టేజీ కావాలి: 5, 12, మైనస్ 5. ఆ మైనస్ 5 పోతే చిప్‌లు వేడెక్కి చచ్చిపోతాయి. తెర మీద కనిపించేది కూడా ఆ 16కె లోనిదే కాబట్టి, కింది మెమరీ పాడైతే ఆట దాకా ఎందుకు, ఆన్ చేయగానే చారలు పడి అక్కడే ఆగిపోతుంది. ఇక్కడ మూడు వోల్టేజీలూ ఉన్నాయి. పాత కెపాసిటర్లు మార్చాను, ఎండి విరిగిన కీబోర్డు పొర మార్చాను. తెల్లటి తెర, అడుగున 1982 నాటి కాపీరైటు వరస వచ్చింది.

తర్వాత క్యాసెట్. ఐదుసార్లు పెడితే మూడుసార్లు ‘ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్’. ప్లేయరు హెడ్డు పక్కన ఉండే చిన్న స్క్రూని, చెవితో వింటూ, శబ్దం కరకరమని స్పష్టంగా వచ్చేదాకా తిప్పాను. హెడ్డు వాలు సరిపడ్డాక పదికి పది లోడ్ అయ్యాయి. ఇక్కడ ఒక ప్రశ్న వేసుకున్నాను: టేపులో ఏదైనా బైటు తప్పుగా చదివి, మెషీన్ గమనించకుండా ఊరుకుందా? ప్రతి బ్లాకు చివర సరిచూసుకునే బైటు ఒకటి ఉంటుంది. ఒక్క బిట్ తేడా వస్తే దొరికిపోతుంది. ఒకే స్థానంలో రెండు తప్పులు పడితే ఒకదానికొకటి చెల్లిపోయి తప్పించుకోవచ్చు. అందుకని టేపుని రెండుసార్లు వేర్వేరుగా కంప్యూటరులోకి ఎక్కించి పోల్చాను. రెండూ ఒకటే. టేపు మీద అనుమానం తీసేశాను.

మధ్యలో చిన్న ఆటంకం. ఈ ఆటకి దొంగ కాపీలు అడ్డుకోవడానికి పెట్టెలో రంగుల కార్డు ఇచ్చేవాళ్లు. 180 గళ్లు, గడికి నాలుగు రంగులు. లోడ్ అవగానే ఫలానా గడిలోని రంగులు నొక్కమంటుంది. నలభై ఏళ్లకి వీళ్ల కార్డులో ఎరుపూ, ఊదా రంగూ ఒకటైపోయాయి. రెండుసార్లు తప్పు నొక్కితే మళ్లీ మొదటినుంచి లోడ్. నీలం కాగితం అడ్డుపెట్టి చూస్తే తేడా తెలిసింది.

ఇక మిగిలింది పై 32కె మెమరీ. నా అనుమానం మొదటినుంచీ దానిమీదే. దానికి కారణం ఉంది. డబ్బు మిగుల్చుకోవడానికి, స్పెక్ట్రమ్ తయారుచేసిన సింక్లెయిర్ వాళ్లు పై మెమరీకి వాడింది సగం చెడిన చిప్‌లు. 64 కిలోబిట్ చిప్‌లలో ఒక సగం తయారీలోనే పోతే, వాటిని చవగ్గా కొని, బాగున్న సగాన్ని మాత్రమే వాడుకున్నారు. తెలివైన పనే. కానీ నలభై ఏళ్ల తర్వాత అలాంటి చిప్ ముందు కూర్చున్నవాడికి, పోయిన సగం పక్కనే ఉన్న సగాన్ని ఎంతవరకు నమ్మాలి అనిపిస్తుంది. పైగా ఈ ఆట మొత్తం ఆ 32కె లోనే కూర్చుంటుంది.

ఇంకా గట్టి కారణం వి చెప్పిన మాటే. ‘గంట తర్వాత’ అన్నాడు. ‘ఆపి పెడితే బాగవుతుంది’ అన్నాడు. ఎలక్ట్రానిక్స్ చేసేవాడికి ఈ రెండు ముక్కలు చాలు, చెవుల్లో ‘వేడి’ అని మోగుతుంది. ప్రింట్ పీక్ 23732 + 256 * పీక్ 23733 కొడితే 65535 వచ్చింది, అంటే ఆన్ చేసినప్పుడు మెషీన్ తన మెమరీ మొత్తాన్ని చూస్తోంది. ఆ పరీక్ష చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి జరిగేదే. అందుకని డయాగ్నొస్టిక్ రోమ్ (మెషీన్‌ని పరీక్షించే ప్రోగ్రాము ఉన్న చిప్) పెట్టి, మూత బిగించి, రాత్రంతా మెమరీ పరీక్ష తిప్పాను.

తెల్లారేసరికి తప్పు దొరికింది. పై ఎనిమిది చిప్‌లలో ఒకటి వేడెక్కాక అప్పుడప్పుడు తడబడుతోంది. రాత్రి మొత్తానికి నాలుగుసార్లు.

ఆ ఉదయం నేను ఎంత సంతోషించానో ఇప్పుడు రాయాలంటే సిగ్గేస్తోంది. చిప్ తీసి, సాకెట్ వేసి, కొత్తది పెట్టాను. ఇంకో రాత్రి పరీక్ష, ఒక్క తప్పు లేదు. జెట్ సెట్ విల్లీ లోడ్ చేసి గంటన్నర ఆడాను. చాపెల్‌లో కాపలావాళ్లు కాపలా కాస్తూనే ఉన్నారు. బిల్లు రాసి పంపించేశాను.

ఎక్కడ తప్పింది

తొమ్మిది రోజులకి ఫోను. “సారీ అండీ. మళ్లీ అదే.”

పెట్టె మళ్లీ బల్ల మీదకి వచ్చింది. నేను ఇంకా వేడినే పట్టుకుని ఉన్నాను. ఇంకో చిప్ కూడా పోతోందేమో అనుకున్నాను. వి నా ముందే కూర్చుని ఆడాడు, యాభై నిమిషాలకి చాపెల్ ఖాళీ అయింది. ఫ్రీజర్ స్ప్రే తీసుకుని ఒక్కో చిప్‌నీ చల్లార్చాను. ఏమీ మారలేదు. మారదు కూడా. మెమరీలో ఒకసారి చెడిపోయిన బైటు చిప్ చల్లబడితే తిరిగి రాదు. జరిగిపోయినదాన్ని చల్లార్చి లాభం లేదని తెలిసీ డబ్బా సగం ఖాళీ చేశాను.

స్ప్రే పొగ తేలిపోయాక ఆగి, తెరని మొదటిసారి సరిగా చూశాను. అడుగున గది పేరు ఉంది, అక్షరం పోలేదు. గోడలు, మెట్లు, రంగులు అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. మాయమైంది కాపలావాళ్లు మాత్రమే.

ఇది పెద్ద ఆధారం. ఈ ఆటలో ఒక్కో గదికి 256 బైట్లు. గోడల అమరిక, రంగులు, పేరు అన్నీ అందులోనే. పై మెమరీలో ఎనిమిది చిప్‌లు ఉంటే, ప్రతి బైటులో ఒక్కో బిట్ ఒక్కో చిప్‌ది. ఒక చిప్ తడబడితే 32కె లో ఎక్కడైనా, ఎప్పుడూ అదే బిట్ పోవాలి. ఒకసారి పేరులో అక్షరం మారాలి, ఇంకోసారి మెట్టు మాయం కావాలి, ఎక్కువసార్లు ఆట మొత్తం బిగుసుకుపోవాలి. పాడైన చిప్‌కి గదులు తెలియవు. పోయిన ప్రతిసారీ ఏరికోరి చాపెల్‌నే పాడుచేస్తుందా? ఈ ప్రశ్న నేను మొదటి రోజే వేసుకోవాల్సింది. వి ఫిర్యాదులోనే ఉంది అది. నేను ‘గంట’ అన్న మాట విని ‘చాపెల్’ అన్న మాట వదిలేశాను.

నేను ఆడిన గంటన్నరలో ఎందుకు రాలేదు? నేను చిన్నప్పుడు ఆడిన అలవాటుతో కింది గదులే తిరిగాను. వి మొదట్లో కింద ఆడి, తర్వాత మేడ ఎక్కుతాడు. అంటే తేడా టైములో కాదు, వెళ్లిన దారిలో ఉండొచ్చు.

అప్పుడు గుర్తొచ్చింది గళ్ల కాగితాల బొత్తి. మొదటి రోజు దాన్ని ముచ్చటగా చూసి పక్కన పెట్టాను, జ్ఞాపకాల సరుకు అనుకుని. పదకొండేళ్ల కుర్రాడు పెన్సిలుతో గీసుకున్న బంగళా మ్యాపు అది. ఒక్కో గదికి ఒక గడి, వస్తువు తీసినచోట టిక్కు. కొన్నిచోట్ల ఎర్ర పెన్సిలుతో ఇంటూ మార్కు, పక్కన టైము. ఆటలో విల్లీకి ఒక గడియారం ఉంటుంది, ఉదయం ఏడింటికి మొదలవుతుంది. కుర్రాడు ఆ టైము రాసుకున్నాడు. చాపెల్ పక్కన మూడు ఇంటూలు: 7:50, 9:15, 8:20.

వేడే కారణమైతే ఇవి ఒకచోట గుమిగూడాలి. ఎక్కడివక్కడ ఉన్నాయి. మ్యాపుని బల్ల మీద పరిచి, ఇంటూ పడిన మూడు ఆటల్లో టిక్కుల వరస వెంట వేలు పెట్టుకుంటూ వెళ్లాం. మూడింటిలోనూ ఇంటూకి ముందు ఒక గదికి వెళ్లాడు. ఇంటి పైన ఉండే ‘ది ఆటిక్’. అటక.

“నేనేమో ఆ గదిలో బాణం తగిలి చచ్చానని రాసుకున్నాను,” అన్నాడు వి. నిజంగానే ఉంది, మూలన చిన్నగా.

పని చేసింది

ఇక్కడినుంచి ఒక్కసారికి ఒక్కటే మార్చాలని పెట్టుకున్నాను. అటకకి ఆడుకుంటూ వెళ్తే టైమూ, దారీ రెండూ కలిసిపోతాయి. వాటిని విడదీయాలి. ఆ రోజుల్లో పిల్లలందరికీ తెలిసిన రహస్యం ఒకటి ఉంది: ఫస్ట్ ల్యాండింగ్ గదిలో నిలబడి ‘రైట్‌టైపర్’ అని టైపు చేస్తే, తర్వాత 9 తో పాటు మిగతా అంకెలు నొక్కి ఏ గదికైనా దూకొచ్చు. మోసం చేయడానికి పనికొచ్చేది పరీక్షకి కూడా పనికొచ్చింది.

మొదట మెషీన్‌ని మూత బిగించి మూడు గంటలు ఆన్‌లో ఉంచాం. మీద ఒక దుప్పటి కూడా కప్పాను. తర్వాత నేరుగా చాపెల్‌కి దూకాం. కాపలావాళ్లు ఉన్నారు.

రెండోది మర్నాడు ఉదయం. రాత్రంతా చల్లబడిన మెషీన్. లోడ్ చేసి, కార్డు రంగులు నొక్కి, నేరుగా అటకకి దూకి, బాణం తెర మీదుగా దాటేదాకా నిలబడి, చాపెల్‌కి వచ్చాం. ఖాళీ. స్విచ్ వేసి ఇంకా పది నిమిషాలు కాలేదు, చిప్ మీద వేలు పెడితే చల్లగానే ఉంది.

మూడుసార్లు చేశాం, మూడుసార్లూ అంతే. తర్వాత నా దగ్గరున్న ఇంకో స్పెక్ట్రమ్ మీద, ఆ తర్వాత అసలు ఆ చిప్‌లే లేని ఎమ్యులేటరులో, అంటే ఇప్పటి కంప్యూటరులో స్పెక్ట్రమ్‌లా నటించే ప్రోగ్రాములో. అన్నిచోట్లా చాపెల్ ఖాళీ. జబ్బు మెషీన్‌ది కాదు, టేపుది కాదు, ఆటది. పుట్టుకతో వచ్చింది.

అక్కడితో ఆపేయొచ్చు. కానీ ఒకసారి తొందరపడి బిల్లు రాసినవాణ్ని కాబట్టి, ఎలా జరుగుతోందో కళ్లతో చూస్తే గానీ రెండోసారి చెప్పదలచుకోలేదు. ఎమ్యులేటరులో అటకకి వెళ్లకముందు మెమరీ మొత్తం ఒక ఫైలుగా, వెళ్లొచ్చాక ఇంకో ఫైలుగా దించి, బైటు బైటు పోల్చాను. మామూలుగా ఆటలో మారే అంకెల్ని పక్కన పెడితే, మారకూడనివి మారింది 41 వేల చిల్లర చిరునామాల దగ్గర. అక్కడ ఉండేది కాపలావాళ్ల పట్టిక: ఎవడు ఎక్కడ మొదలై ఎంత దూరం తిరగాలి అన్నది. దాని మీద బాణం అచ్చు పడింది.

ఎందుకు పడిందో చెప్తాను. బొమ్మని ఏ వరసలో గీయాలో చూసుకోవడానికి ఆటలో ఒక పట్టిక ఉంది. వరసకి రెండు బైట్ల చిరునామా. కాబట్టి పట్టికలోకి వెళ్లే అంకె ఎప్పుడూ సరి సంఖ్యే కావాలి. అటకలోని బాణానికి రాసిన అంకె 213. బేసి. దాంతో ఒక చిరునామా వెనక సగాన్నీ, తర్వాతి చిరునామా ముందు సగాన్నీ కలిపి చదువుతుంది. మన ఊళ్లలో ఇంటి నంబర్లు 12-7, 12-8 అని వరసగా ఉన్నాయనుకోండి. మధ్యలోంచి మొదలుపెట్టి చదివితే 7-12 వస్తుంది. అలాంటి నంబరు ఊళ్లో ఇంకో వీధిలో నిజంగానే ఉంటే, పోస్ట్‌మ్యాన్ ఉత్తరం అక్కడ వేసేసి వెళ్లిపోతాడు. బాణం తెర మీద గీయాల్సిన గీతలు కాపలావాళ్ల పట్టికలో పడ్డాయి. ఆట మళ్లీ మొదలుపెట్టినా ఆ పట్టిక కొత్తగా రాయబడదు. టేపునుంచి మళ్లీ లోడ్ చేస్తేనే సరైన అంకెలు వస్తాయి. ‘ఆపి పెడితే బాగవుతుంది’ అన్న మాటకి అర్థం ఇది. చల్లబడటం కాదు.

ఇదంతా నేను కనిపెట్టిందేమీ కాదు. ఈ ఆట చరిత్ర తెలిసినవాళ్లలో ఈ లోపం ప్రసిద్ధం, 1984లోనే బయటపడింది. ప్రచురించినవాళ్లు మొదట్లో, ఆ గదుల్లో విషవాయువు ఉంది, ఆట కష్టంగా ఉండాలని కావాలనే అలా పెట్టాం అన్నారు. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుని, సరిచేసుకోవడానికి నాలుగు పోక్‌లు (మెమరీలో ఫలానా చిరునామాలో ఫలానా అంకె రాయమనే ఆదేశాలు) ఇచ్చారు. ఆటని మొదట పూర్తిచేసినవాళ్లకి పెట్టిన పోటీలో గెలిచిన రాస్ హోల్మన్, కామెరాన్ ఎల్స్ కూడా కోడ్ విప్పి చూసి సవరణలు పంపినవాళ్లే. నాకు కూడా ‘అటక లోపం’ అన్న మాట ఎప్పుడో చెవిన పడింది. కానీ బల్ల మీద మెషీన్ ఉంటే నా కళ్లు చిప్‌లనే చూస్తాయి. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాడికి కోడ్ గుర్తురాలేదు.

విషవాయువు సంగతి చెప్తే డాక్టరు గారు చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వడం ఆపి, “అయితే వీడు చెప్పింది నిజమేనన్నమాట,” అన్నారు. వి ఏమీ అనలేదు. మ్యాపు మడతలు సరిచేస్తూ కూర్చున్నాడు.

ఏం సరిచేయాలి, ఎంతవరకు

ఇక్కడ మూడు దారులు. ఏమీ చేయకుండా, అటకకి వెళ్లొద్దని చెప్పి పంపేయడం ఒకటి. కానీ అక్కడ ఏరాల్సిన వస్తువు ఉంది, వి కోరిక ఆట పూర్తిచేయడం. రెండోది, అటక ఒక్కటే సరిచేయడం: పోక్ 59901, 82. బాణం అంకె సరి సంఖ్య అవుతుంది, అంతే. జబ్బు ఏదో దానికే మందు అన్న లెక్కన నాకు మొదట ఇదే నచ్చింది. కానీ మిగతా మూడు చూశాక మనసు మారింది. 60231, 0 కన్సర్వేటరీ రూఫ్‌లో అందకుండా పోయే వస్తువుకి దారి ఇస్తుంది. 56876, 4 బానియన్ ట్రీ గదిలో దాటలేని అడ్డు తీస్తుంది. 42183, 11 ఫస్ట్ ల్యాండింగ్‌లో కంటికి కనిపించని వస్తువుని హాల్లోకి మారుస్తుంది. అటక ఒక్కటే సరిచేసి ఇస్తే, ఈ మనిషి మళ్లీ నెలలు ఆడి, 83లో రెండో మూడో మిగిలి ఆగిపోతాడు. అది ఇంకో నలభై ఏళ్ల శిక్ష. అందుకని మూడో దారి: నాలుగు పోక్‌లూ పెట్టడం.

ఇక మిగిలిన ప్రశ్న, ఎక్కడ రాయాలి అన్నది. అసలు క్యాసెట్ మీద రాయనని ముందే చెప్పాను. అది 1984లో అమ్మినది అమ్మినట్టు ఉండాలి, లోపంతో సహా. టేపునుంచి తీసుకున్న కాపీలో, ఆట మొదలయ్యే ‘ర్యాండమైజ్’ వరసకి ముందు నాలుగు పోక్‌లు చేర్చి, కొత్త క్యాసెట్‌కి ఎక్కించాను. దాని మీద ‘సవరించినది’ అని తెలుగులో రాశాను, రెండూ కలిసిపోకుండా. పాత క్యాసెట్ వెనక ప్లాస్టిక్ రెక్కలు విరిచేశాను, పొరపాటున ఎవరూ దాని మీద రికార్డు చేయకుండా.

తడబడే చిప్ మార్చడం దండగ కాదు. అది ఎప్పుడో ఒకప్పుడు ఇంకేదో చేసేదే. కానీ దానికి తీసుకున్న డబ్బు వెనక్కి ఇచ్చాను, ఎందుకంటే ‘మీ సమస్యకి కారణం ఇదే’ అని బిల్లులో రాసింది నేను.

ఆ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి రెండు. ఫిర్యాదు రాసుకునే కాగితంలో ‘ఎప్పుడు’ అన్న గడి పక్కన ‘అంతకుముందు ఏం చేశారు’ అన్న గడి చేర్చాను. మనుషులు టైము చెప్తారు, ఎందుకంటే టైము గుర్తుంటుంది, దారి గుర్తుండదు. రెండోది, ఏదైనా లోపం దొరికితే, ఈ లోపం కస్టమరు చెప్పిన లక్షణాన్ని పుట్టించగలదా అని విడిగా చూస్తున్నాను. అది తీసేస్తే లక్షణం పోవాలి, తిరిగి పెడితే రావాలి. ఆ రోజు నేను పాడైన చిప్‌ని తిరిగి పెట్టి, చాపెల్ ఖాళీ అవుతుందేమో చూసి ఉంటే, అరగంటలో తేలిపోయేది. కాలేదు అని. ఆ అరగంట నాకు దొరకలేదు, అప్పటికే బిల్లు పుస్తకం తెరిచాను కదా.

పిల్లలు గీసిన కాగితాలు వస్తే మాత్రం ఇప్పుడు పక్కన పెట్టడం లేదు.

తర్వాత

తీసుకెళ్లే రోజు డాక్టరు గారు ఒక మాట అడిగారు. “బాబూ, బిల్లు మీద ఒక వాక్యం రాస్తావా? లోపం ఆటలోనే ఉంది, వాడినవాడి తప్పేమీ లేదు అని. సంతకం పెట్టి.” రాసిచ్చాను. ఆయన దాన్ని చదివి, కళ్లజోడు తీసి, కొడుకు చేతిలో పెట్టారు. వి దాన్ని మ్యాపు మడతలో దోపుకున్నాడు.

మూడు వారాలకి వి ఫోన్ చేశాడు. 83లో 71 అయ్యాయట, చాపెల్‌లో అందరూ డ్యూటీలోనే ఉన్నారట, కానీ బానియన్ ట్రీ దగ్గర ఎంత ఎగిరినా పైకి ఎక్కలేకపోతున్నాడట. “ఆ గది పోక్ సరిగ్గానే పడిందా అండీ? ఒకసారి చూస్తారా?”

వెంటనే పడింది అనబోయి ఆగాను. అతనికిచ్చిన క్యాసెట్ కాపీ నా దగ్గర ఉంది. లోడ్ చేసి, 56876లో ఏముందో చూశాను. 4. ఆ మర్రిచెట్టు గదికి దూకి, పదిహేనుసార్లు చచ్చి, పదహారోసారి ఎక్కాను.

ఫోన్ చేసి చెప్పాను. ఈసారి లోపం ఆటలో లేదు, వేళ్లలో ఉంది అని.

“ఇది మాత్రం నాన్నకి రాసివ్వకండి,” అన్నాడు.